పాత అంబాసిడర్‌కు పాత కుట్టే అందం

- చిరిగిన రెక్సినే అసలు సాక్షి
- పారేశాక వగచి లాభం లేదంటున్న సీట్ల మేస్త్రి

తెనాలి: కారుకు కొత్త రంగు వేయించారు. ఇంజను విప్పి బిగించారు. బంపర్లకు క్రోమియం పూత పెట్టించారు. తీరా తలుపు తీసి లోపలికి చూస్తే 1972 నాటి అంబాసిడర్‌లో నిన్న మొన్నటి టాక్సీ సీటు తళతళలాడుతోంది. పెళ్లికూతురికి పట్టుచీర కట్టి కాళ్లకు రబ్బరు చెప్పులు తొడిగినట్టుంది వ్యవహారం. పాత కార్లను ముచ్చటపడి బాగు చేయించుకుంటున్న వారిలో చాలామంది చివరకు బోల్తా పడుతున్నది ఈ సీట్ల దగ్గరే.

తెనాలి సమీపంలోని ఒక రైసు మిల్లు యజమాని కుటుంబానికి ఎదురైన అనుభవమే ఇందుకు ఉదాహరణ. ఆ ఇంటి పెద్దాయన 1972లో కొత్త అంబాసిడర్ మార్క్-2 కారు కొన్నారు. ముందు సీటు కూడా బల్లలా పొడవాటిది ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండటంతో డ్రైవరు పక్కన మరో ఇద్దరు సులువుగా కూర్చునేవారు. ఊళ్లో కాన్పుకు తీసుకువెళ్లాలన్నా, పెళ్లివారిని దించాలన్నా ఆ కారే కదిలేది. 1998లో పెద్దాయన కన్నుమూశాక అది మిల్లు షెడ్డులోకి చేరింది. ధాన్యం బస్తాల మధ్య ఇరవై ఏళ్లకు పైగా దుమ్ము కొట్టుకుపోయింది.

మనుమరాలి పెళ్లి కుదరడంతో ఆ కారుకు మళ్లీ మంచిరోజులు వచ్చాయి. తాతగారి కారులోనే అత్తవారింటికి వెళతానని ఆ పిల్ల పట్టు పట్టింది. తండ్రి సరేనన్నారు. ఇంజను పని, రేకు పని, రంగు పని ఒకటొకటిగా పూర్తయ్యాయి. ఇక మిగిలింది సీట్లు.

పాత బట్ట చెత్తబండిలోకి

పట్నంలోని ఒక సీట్ల దుకాణానికి కారును అప్పగించారు. "కొత్త కారులా చేసి పెడతాం" అని అక్కడివారు హామీ ఇచ్చారు. డైమండు గళ్ల కుట్టు, నున్నటి మెరుపు, మధ్యలో లావుపాటి ఫోము. ఇప్పుడు అందరూ వేయించుకునే రకమే. రెండో రోజు యజమాని వెళ్లి చూసేసరికి ముందు సీటు అస్థిపంజరంలా స్ప్రింగులతో నిలబడి ఉంది. పాత రెక్సిను ఏదని అడిగితే, చిరిగిపోయింది కదా, చెత్తబండికి వేసేశామన్నారు. అడగకుండా ఎందుకు పారేశారంటే, "దాంతో ఏం పని సార్?" అని ఎదురు ప్రశ్న వేశారు.

అదృష్టం కొద్దీ వెనక సీటుకు ఇంకా చెయ్యి పడలేదు. యజమాని కారును అలాగే వెనక్కి తెచ్చుకున్నారు. తెలిసినవారి ద్వారా డెబ్బయి ఏళ్లు దాటిన ఒక సీట్ల మేస్త్రిని వెతికి పట్టుకున్నారు. బస్సుల సీట్లు, జీపుల టాపులు, అంబాసిడర్ సీట్లు కుట్టడంలోనే ఆయన జీవితం గడిచింది. చూపు తగ్గడంతో ఇప్పుడు మిషను మీద కొడుకు కూర్చుంటున్నాడు. కోతా కొలతా మాత్రం నేటికీ తండ్రివే.

జరిగినది విని మేస్త్రి తల పట్టుకున్నారు. "బాబుగారూ, చిరిగినా సరే, పాత గుడ్డే సాక్షి. సాక్షిని పారేశాక కేసేముంటుంది?" అన్నారు. వెనక సీటు చూసేదాకా బేరం మాట్లాడనని చెప్పి, మర్నాడు సంచిలో బ్లేడు, సుద్దముక్క, టేపు, ఒక పాత బ్యాటరీ లైటు వేసుకుని మిల్లుకు వచ్చారు.

రెక్సిను కథ

మనం రెక్సిను అని పిలుచుకునేది నిజానికి ఒక కంపెనీ సరుకు పేరు. ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గరున్న హైడ్ అనే ఊళ్లో ఆ కంపెనీ ఉండేది. నూలు గుడ్డకు సెల్యులోజు పూత పూసి, దాని మీద తోలు ముడతల అచ్చు వేసి అమ్మేవారు. తోలు కొనలేని చోట తోలులా కనిపించే బట్ట అది. కార్లకు, రైలు పెట్టెలకు, పుస్తకాల అట్టలకు కూడా వాడారు. తర్వాత సెల్యులోజు స్థానంలో పీవీసీ అనే ప్లాస్టిక్ పూత వచ్చింది. సరుకు మారినా పేరు మాత్రం మారలేదు. మన ఊళ్లలో ఇప్పటికీ సీటు మీది ప్లాస్టిక్ బట్ట ఏదైనా రెక్సినే.

ఈ పీవీసీ పూత మెత్తగా వంగడానికి అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎండకు, వేడికి అది ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటకు పోతుంది. అప్పుడు బట్ట బిరుసెక్కి, కూర్చునే చోట పగులుతుంది. రంగు కూడా వెలుస్తుంది. అందుకే పాత కారు సీటు పైభాగం చూసి ఇదే అసలు రంగు అనుకోవడం పొరపాటు. ఎండ తగలని చోట దాగి ఉన్న రంగే అసలు రంగు.

అంబాసిడర్ విషయంలో మరో చిక్కు ఉంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును తయారుచేసింది. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే నెల వరకు తయారీ సాగింది. బయటి రూపం పెద్దగా మారకపోయినా లోపలి సరంజామా మారుతూ వచ్చింది. మార్క్-3 1975లో, మార్క్-4 1979లో వచ్చాయి. కాబట్టి ఎవరి కారులోనో చూసి అంబాసిడర్ సీటు ఇలాగే ఉంటుందని కుట్టించుకుంటే, 1972 కారులో 1990 నాటి సీటు కూర్చుంటుంది.

అమ్మగారి మాట, గుడ్డ మాట

వెనక సీటు విప్పకముందే మేస్త్రి ఇంట్లోవారిని రంగు గురించి అడిగారు. ఎనభై రెండేళ్ల అమ్మగారు తడుముకోకుండా "మెరూను" అన్నారు. ఆ సీటు మీద తెల్ల తువ్వాలు పరచుకుని ఎన్ని ప్రయాణాలు చేశామో అని గుర్తు చేసుకున్నారు. వెనక సీటు మీదున్నది కూడా వెలిసిన మెరూను రెక్సినే. ఇంకేముంది, మెరూను కొనేయవచ్చని కొడుకు అనుకున్నారు.

మేస్త్రి తొందరపడలేదు. సీటు బయటకు తీసి వెల్లకిలా తిప్పి, ఇనుప చట్రం చుట్టూ ఉన్న క్లిప్పులను ఒక్కొక్కటే విప్పారు. నాలుగు వైపులా మెరూనే వచ్చింది. వెనక మూలన తుప్పు పట్టి కదలని ఒక క్లిప్పు దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. పట్టకారుతో దాన్ని విరిచేసరికి మెరూను బట్ట కింద వేలెడు వెడల్పున మరో రంగు పీలిక బయటపడింది. బూడిద రంగు కలిసిన నీలం. దాని అంచున తెల్లటి పైపింగు ముక్క కూడా వేలాడుతోంది.

"ఇది రెండో కుట్టు బాబుగారూ. దీనికి ముందు ఒక కుట్టుంది" అని మేస్త్రి తేల్చారు. ఒక్క పీలికతో ఆయన సంతృప్తి పడలేదు. ఎక్కడి నుంచో అతుక్కున్న ముక్క కావచ్చునని అనుమానించి తలుపు ప్యాడు కూడా విప్పించారు. అట్ట వెనక్కి మడిచిన అంచులో అదే నీలం, అదే అచ్చు కనిపించాయి. రెండు చోట్ల ఒకే సాక్ష్యం దొరికితేనే నమ్మాలన్నది ఆయన పద్ధతి.

అమ్మగారికి చూపిస్తే కాసేపు ఆలోచించి అసలు సంగతి చెప్పారు. 1984లో వానకు కారు తడిసి సీట్లు పాడైతే పెద్దాయనే గుంటూరు తీసుకువెళ్లి మెరూను వేయించారట. పిల్లలు అప్పటికి చిన్నవాళ్లు. వారికి ఊహ తెలిసినప్పటి నుంచి కారు మెరూనే. అంటే అమ్మగారు చెప్పింది అబద్ధం కాదు. గుడ్డ చెప్పిందీ అబద్ధం కాదు.

ఫోటో తీర్చిన లెక్క

పీలికతో రంగు తెలిసింది, అచ్చు తెలిసింది. కానీ సీటు మీద నిలువు పట్టీలు ఎన్ని, ఎంత వెడల్పు అన్నది పీలిక చెప్పలేదు. మెరూను కుట్టు చూసి అదే కొలత అనుకోవడానికి వీల్లేదు. రెండోసారి కుట్టినవాడు తన సౌకర్యం కొద్దీ పట్టీలను వెడల్పు చేసి ఉండవచ్చు. పట్టీలు తగ్గితే కుట్టు తగ్గుతుంది, పని త్వరగా తెములుతుంది.

ఇంట్లో పాత ఆల్బములు తిరగేశారు. 1973 నాటి ఒక నలుపు తెలుపు ఫోటోలో కారు తలుపు తెరిచి ఉంది. పెద్దాయన తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆయన వెనక సీటు ఆనుడు భాగం సగానికి పైగా కనిపిస్తోంది. భూతద్దంతో లెక్కపెట్టి, కనిపించని సగాన్ని కనిపించిన దానితో సరిచూస్తే మధ్య భాగంలో 20 పట్టీలు తేలాయి. మెరూను కుట్టులో ఉన్నవి 14 మాత్రమే.

మధ్య భాగం చట్రం మీద కొలిస్తే 40 అంగుళాలు. అంటే పట్టీ ఒక్కింటికి 2 అంగుళాలు. అయితే బట్ట 40 అంగుళాలు కోస్తే చాలదు. ఒక్కో పట్టీకి కుట్టులోకి అర అంగుళం పోతుంది. 20 పట్టీలకు 10 అంగుళాలు. మొత్తం 50 అంగుళాలు కావాలి. రెక్సిను తాను సాధారణంగా 54 అంగుళాల పన్నాతో వస్తుంది. మిగిలేది నాలుగంగుళాలే. అంచు మడతలకు అదే సరి. కొలత ఒక్కసారి తప్పితే మధ్యలో అతుకు పడుతుంది. ఆ అతుకు కారు ఉన్నంతకాలం కనిపిస్తూనే ఉంటుంది.

మెరూను బట్టను కూడా మేస్త్రి పారేయనివ్వలేదు. కుట్లు మాత్రం బ్లేడుతో తెంచి, ముక్కలను విడదీసి, ఏ ముక్క ఎక్కడిదో సుద్దతో రాసుకున్నారు. వాటిని అట్ట మీద పరచి గీత గీసి కోత నమూనాలు తయారుచేశారు. వంపుల కొలత దీని వల్లే దొరికింది. ముందు సీటు బట్ట ఉండి ఉంటే దాని కొలతా ఇలాగే దొరికేది. అది పోవడంతో చట్రం మీద గోనె పట్టా పరచి, పిన్నులు గుచ్చి కొత్తగా కొలత తీయాల్సి వచ్చింది. ఒక్క పూటలో తేలవలసిన పనికి నాలుగు రోజులు పట్టింది.

బట్ట ఎంపికలో చూడవలసినవి

నమూనా చేతిలో ఉంటే సగం పని అయినట్టేనని, మిగతా సగం దుకాణాల్లో తిరగడమని మేస్త్రి అంటారు. ఆయన చెప్పిన జాగ్రత్తలు పాత కారు ఏదైనా సరే పనికివస్తాయి.

మొదటిది అచ్చు. రెక్సిను మీది తోలు ముడతలు ఒక్కో తానుకు ఒక్కో రకం. కొన్ని సన్నగా, కొన్ని గులకరాళ్లలా ఉంటాయి. పీలిక మీద పలచటి కాగితం వేసి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే, పిల్లలు రూపాయి బిళ్లను రుద్దినట్టు, అచ్చు కాగితం మీదికి దిగుతుంది. ఆ కాగితాన్ని దుకాణంలోని బట్టల పక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పీలిక నలిగిపోదు, పోగొట్టుకునే భయమూ ఉండదు.

రెండోది రంగు. దుకాణంలో ట్యూబులైటు కింద కలిసిన రంగు ఎండలో కలవకపోవచ్చు. నమూనా ముక్కను, కొత్త బట్టను గుమ్మం బయటకు తెచ్చి పగటి వెలుగులో చూడాలి. అదీ ఎండ తగలని వైపున పోల్చాలి. వెలిసిన వైపు పోలిస్తే వెలిసిన రంగే కొనుక్కున్నట్టవుతుంది. కావలసిన బట్టంతా ఒకే తానులో, ఒకేసారి తీసుకోవాలి. ఇవాళ సగం, వచ్చే నెల సగం అంటే అదే నెంబరు తానైనా ఛాయ మారవచ్చు.

మూడోది మెరుపు. కొత్తది అనగానే మెరవాలని చాలామంది కోరిక. అద్దంలా మెరిసే బట్ట పాత కారులో కంటికి గుచ్చుకుంటుంది. దాచి ఉంచిన అంచులో మెరుపు ఎంతుందో చూసి అంతకు మించనివ్వకూడదు.

నాలుగోది బట్ట వెనక వైపు. ఇప్పటి రెక్సిన్లలో చాలావాటికి వెనక బనీను గుడ్డ లాంటి అల్లిక ఉంటుంది. అది సాగుతుంది. వంపుల మీద ముడత పడకుండా కూర్చుంటుంది కాబట్టి పనివారికి సుఖం. ఈ కారు పీలిక వెనక ఉన్నది మాత్రం నేత గుడ్డ. అది పెద్దగా సాగదు. సాగే బట్టతో పట్టీలు కుడితే కొన్నాళ్లకు గీతలు వంకర తిరుగుతాయని మేస్త్రి హెచ్చరించారు.

అయిదోది కుట్టు. అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో పాత బట్ట మీద లెక్కించి మిషనును దానికి సరిచేసుకోవాలి. కుట్టు మరీ దగ్గరైతే సూది రంధ్రాలు వరుసగా పడి, తపాలా బిళ్లల కాగితంలా బట్ట ఆ గీత వెంట చిరుగుతుంది. దారం మాత్రం ఇప్పటి పాలియెస్టరుదే మేలు, రంగు పాత దానితో కలిస్తే చాలు. నూలు దారం చెమటకు, తేమకు త్వరగా చీకిపోతుంది.

ఇన్ని చూసుకుని తిరిగితే విజయవాడ ఆటోనగర్‌లో మొదటి రెండు రోజులు ఏదీ కలవలేదు. రంగు కలిస్తే అచ్చు కలవదు, అచ్చు కలిస్తే అద్దంలా మెరుపు. ఆసుపత్రుల్లో రోగులను పడుకోబెట్టి చూసే బల్లలకు వేసే రెక్సిను తానుల్లో చివరకు పని జరిగింది. అచ్చు అదే, వెనక నేత గుడ్డ అదే, మెరుపు లేదు. రంగు మాత్రం ఒక ఛాయ ముదురు. రంగు కోసం అచ్చును వదులుకోవాలా, అచ్చు కోసం రంగులో సర్దుకోవాలా అన్న మీమాంస వచ్చింది. పీలికను పక్కన పెట్టి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు పూటలా చూశాక దాన్నే ఖాయం చేశారు.

పైన మెరుగు, లోన పురుగు కారాదు

పైబట్ట ఎంత సరిగా కుదిరినా లోపలి పొరలు మారితే సీటు రూపం మారిపోతుంది. ఈ సీటులో కింద ఇనుప స్ప్రింగులు, వాటి మీద గోనె పట్టా, ఆ పైన కొబ్బరి పీచు పరుపు, ఆ పైన దూది పొర, చివరకు రెక్సిను ఉన్నాయి. కూర్చున్నవారి బరువును స్ప్రింగు మోస్తుంది. గోనె పట్టా స్ప్రింగు కోరలు పైకి పొడుచుకు రాకుండా ఆపుతుంది. పీచు బరువును సమంగా పంచుతుంది. దూది పైపైన నున్నగా ఉంచుతుంది.

ఇప్పుడు ఎక్కువ మంది పీచు తీసేసి లావుపాటి ఫోము కుక్కుతున్నారు. కూర్చోగానే మెత్తగా అనిపిస్తుంది నిజమే. కానీ సీటు బొజ్జలా ఉబ్బి, నిలువు పట్టీలు విచ్చుకుంటాయి. ఎత్తు పెరగడంతో పొడుగువారి తల టాపుకు తగులుతుంది. ఎక్కువ కాలం నిలవాలంటే పాత పొరల ఎత్తును ముందుగానే కొలిచి రాసుకుని, కొత్త పొరలను అంతకే సరిపెట్టాలి.

ఈ కారు చట్రాన్ని ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించి రెడాక్సైడు పూశారు. విరిగిన స్ప్రింగులను మాత్రమే మార్చారు. గోనె, దూది కొత్తవి వేశారు. కోనసీమ నుంచి కొబ్బరి పీచు తెప్పించి పరుపు కట్టారు. ఇవేవీ బయటకు కనిపించవు. కూర్చున్నవారికి మాత్రం తెలుస్తాయి.

బయటి దేశాల్లో తీరు

అమెరికా, ఇంగ్లండులలో ఇంత తిరుగుడు అవసరం లేదు. అక్కడ పేరున్న పాత కార్లకు సంవత్సరం వారీగా నకలు సీటు కవర్లు తయారై అమ్ముడవుతాయి. 1964లో వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ కారుకు కొద్దికాలానికే పరుగెత్తే గుర్రాల బొమ్మలు అచ్చు వేసిన సీట్లు కూడా పెట్టారు. ఆ గుర్రాలతో సహా నకలు సీట్లు ఇప్పటికీ దొరుకుతాయి. 1948లో మొదలై 16 లక్షలకు పైగా తయారైన మోరిస్ మైనర్ కారుకూ అంతే. ఆ కారు సీట్లు 1960 దశకం మధ్యలో కుట్టు పట్టీల నుంచి వేడితో అచ్చొత్తిన పట్టీలకు మారాయి. అందుకే అక్కడి దుకాణదారు ముందుగా అడిగేది కారు పేరు కాదు, ఏ ఏడాదిది అని.

అంత సదుపాయం ఉన్నా అక్కడా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. నకలు తయారుచేసే వారందరి బట్టా ఒకటి కాదు. అందుకే ముందు చేతి ముక్క తెప్పించుకుని, కారులోని దాచిన అంచుతో పోల్చుకున్నాకే ఆర్డరివ్వడం తెలిసినవారి పద్ధతి. మన దగ్గర తయారు సరుకు లేదు కాబట్టి ఆ పోలిక మరింత అవసరం.

సీటు ఒక్కటే కారుకు చరిత్ర తెచ్చిపెట్టిన ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన 1911లో మరణించాకే నగరానికి చేరింది. వెనక సింహాసనం లాంటి ఆసనం ఉన్నందున దాన్ని సింహాసనపు కారుగా పిలుస్తారు. చౌమహల్లా ప్యాలెస్‌లో దాన్ని చూడవచ్చు. ఆ ఆసనం తీసి మామూలు సీటు పెడితే ఆ పేరు ఎక్కడుంటుంది?

చట్టం ఏమంటోంది?

యాభై ఏళ్లు దాటిన వాహనాలకు కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజి వాహనాలుగా ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి ఉండాలి. అసలు రూపం చెడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేల రూపాయలు, తిరిగి చేయించడానికి 5 వేల రూపాయలు రుసుముగా నిర్ణయించారు. అంతకు ముందే రిజిస్టరైన కార్లకు పాత నెంబరే ఉంచుకునే వీలుంది. అయితే ఇలా నమోదైన వాహనాన్ని రోజువారీ తిరుగుళ్లకు, కిరాయికి వాడరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, మరమ్మతు, ఇంధనం కోసం మాత్రమే రోడ్డెక్కాలి. దరఖాస్తు చేయదలచిన వారు ఈ షరతును ముందే ఆలోచించుకోవడం మంచిది.

నిబంధనలో సీటు బట్ట ప్రస్తావన లేదు. మెరిసే సీటు వేసినంత మాత్రాన ఎవరూ జరిమానా వేయరు. కానీ పాత కారును తెలిసినవారు తలుపు తీయగానే చూసేది సీటే.

ఏది అసలు?

అన్నీ సిద్ధమయ్యాక మిల్లు ఇంట్లో ఒక పేచీ వచ్చింది. కారు కంపెనీ నుంచి వచ్చినప్పటి నీలం వేయాలా, పెద్దాయన స్వయంగా వేయించిన మెరూను వేయాలా? నీలం 12 ఏళ్లే ఉంది. మెరూను నలభై ఏళ్లు దాటి ఉంది. పిల్లలు పెరిగింది దాని మీదే. "నాన్నగారు వేయించింది తీసేసి మనమెవరం మార్చడానికి?" అని చిన్నకొడుకు వాదించారు. "నాన్నగారు కొన్నది ఏదో అదే ఉండాలి" అని పెద్దకొడుకు అన్నారు.

ఇలాంటి చిక్కు ప్రపంచమంతటా ఉన్నదే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2013లో ఖరారు చేసిన ట్యూరిన్ చార్టరు కూడా వాహనం జీవితకాలంలో జరిగిన మార్పులు దాని చరిత్రలో భాగమేనంటుంది. ఏం మార్చారో రాసి ఉంచాలని చెబుతుంది. ఏ ఏడాది నాటి రూపం కావాలో ముందు తేల్చుకుని, సీట్లు, తలుపు ప్యాడ్లు అన్నీ ఆ ఏడాదికే కట్టుబడేలా చేయించుకోవడం అందుకే ముఖ్యం. సగం నీలం, సగం మెరూను అయితే ఏ కాలానికీ చెందదు.

చివరకు తీర్పు అమ్మగారికే వదిలారు. ఆమె 1973 నాటి ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "మెరూను వేయించిన రోజు మీ నాన్నగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదురా. నీలం దొరకలేదని. గుంటూరంతా తిరిగారు. దొరక్కే అది వేయించారు" అన్నారు. ఆ మాటతో పేచీ తీరిపోయింది.

పెళ్లికి వారం ముందు సీట్లు కారులోకి ఎక్కాయి. నీలం రెక్సిను, తెల్ల పైపింగు, వెనక ఆనుడుకు 20 పట్టీలు. వెనక సీటు కింద ఒక కవరు పెట్టారు. అందులో పాత నీలం పీలిక, మెరూను ముక్క, కొత్త బట్ట ముక్క, ఏ పొరలో ఏం వేశారో రాసిన కాగితం ఉన్నాయి. రంగు అసలు దానికంటే ఒక ఛాయ ముదురని కూడా దాపరికం లేకుండా రాశారు. యాభై ఏళ్ల తర్వాత ఈ సీటు విప్పేవాడు తమలా వెతుక్కోనక్కరలేదని మేస్త్రి ఆ కవరును తానే మడతపెట్టి పెట్టారు.

ముందు సీటు పట్టీల సంఖ్య మాత్రం వెనక సీటును బట్టి వేసిన అంచనాయే. నిజంగా అన్నే ఉండేవో లేదో చెప్పగలిగిన బట్ట చెత్తబండిలో పోయింది. ఆ సంగతీ కాగితంలో రాసి ఉంది. మేస్త్రికి ఇప్పటికీ అదొక్కటే వెలితి.

షెడ్డుల్లో, పశువుల కొట్టాల్లో, మేడ కింద మూలల్లో అంబాసిడర్లు, పాత ఫియట్లు ఇంకా కొన్ని ఉన్నాయి. వాటిని బాగు చేయించదలచిన వారు సీట్ల దుకాణానికి వెళ్లే ముందు ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. బేరం కుదిరినా కుదరకపోయినా పాత రెక్సిను ముక్కముక్కా తమకే తిరిగి ఇవ్వాలని మొదటే చెప్పాలి. సీటు విప్పుతున్నప్పుడు దగ్గర నిలబడాలి.

పెళ్లి రోజు కారు బయల్దేరే ముందు అమ్మగారు ఇంట్లోంచి ఒక తెల్ల తువ్వాలు తెప్పించి వెనక సీటు మీద పరవబోయారు. మనుమరాలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుని, నీలం సీటు మీద మనుమరాలి పక్కన కూర్చున్నారు.